కాలికి తొడిగే ఆర్థోసిస్ నడుమును ఎంతవరకు కదిలిస్తుంది?

ఒక కాలికి మందపాటి అడుగున్న బూటు తొడుక్కుని, రెండో కాలిని ఉత్తగా వదిలేసి, రెండు చేతుల వేళ్లూ నడుముకు ఇరువైపులా కటి ఎముక అంచు మీద ఆనించి పది అడుగులు నడిస్తే ఒక సంగతి వెంటనే తెలిసిపోతుంది. ఉత్త కాలి మీద బరువు పడిన ప్రతిసారీ ఆ వైపు కటి కిందికి దిగుతుంది. బూటు కాలి మీద బరువు పడినప్పుడు బూటు వైపు కటి లేస్తుంది. నాలుగైదు అడుగులు వేశాక ఈ ఎగుడుదిగుడు తగ్గినట్టు అనిపిస్తుంది. కటి మాత్రం అలాగే వాలుతూ ఉంటుంది. నడుము ఒక పక్కకు వంగి భుజాలను సమం చేసుకోవడం వల్ల తేడా మరుగున పడుతుంది, అంతే. తల నిటారుగా నిలవాలి, చూపు తొణకకూడదు అన్న నియమాన్ని శరీరం అంత సులువుగా వదులుకోదు. కింద ఎక్కడ తేడా వచ్చినా అది తల దాకా వెళ్లకముందే దారిలో ఎక్కడో ఒకచోట సర్దుకుపోవాలి. ఆ సర్దుబాటులో పెద్ద వాటా నడుము వెన్నుపూసలదే.

శరీర భాగానికి ఆసరాగా బయటి నుంచి తొడిగే పరికరమే ఆర్థోసిస్. ఆ మాట కిందికి చాలా వస్తువులు వస్తాయి. చెప్పులో పెట్టుకునే ఇన్సోల్ ఒక కొసన ఉంటే, పోలియో సోకిన కాలికి తొడ దాకా కట్టే క్యాలిపర్ మరో కొసన ఉంటుంది. ఈ రెండింటి మధ్య, పక్షవాతం తర్వాత పాదం వేలాడకుండా పిక్క వెనుక నుంచి అరికాలి కిందికి వచ్చే ప్లాస్టిక్ స్ప్లింట్, ఎముక విరిగినవారు కొన్ని వారాలపాటు వేసుకునే గట్టి నడక బూటు లాంటివి ఉంటాయి. అన్నీ కాలి కోసం తయారైనవే. అయినా ప్రతి ఒక్కటీ వెన్ను కదలికను ఎంతో కొంత మారుస్తుంది.

ఆ ‘ఎంతో కొంత’ ఎంత అన్నదే అసలు ప్రశ్న. ‘పాదాన్ని సరిచేస్తే వెన్ను నిటారవుతుంది’ అన్న మాట ఇన్సోళ్ల ప్రచారంలో పదే పదే వినిపిస్తుంది. క్యాలిపర్ వేసుకునే మనిషి నడుము గురించి మాత్రం దానికి కొలతలు తీసుకునే రోజున కూడా ప్రస్తావన వచ్చేది తక్కువ. కొలిచి చూస్తే ప్రభావం ఉన్న వరుస దీనికి పూర్తిగా తలకిందులు.

మామూలు నడకలో వెన్ను చేసే పని

ఒక మడమ నేలను తాకిన క్షణం నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక నడక చక్రం. అందులో దాదాపు 60 శాతం సేపు ఆ కాలు నేల మీద ఉంటుంది, మిగతా 40 శాతం గాలిలో ఉంటుంది. కాలు గాలిలోకి లేచేటప్పుడు ఆ వైపు కటి 4, 5 డిగ్రీలు కిందికి వాలుతుంది. ముందుకు సాగే కాలితో పాటు తానూ ముందుకు తిరుగుతుంది. ఈ తిరుగుడు ఒక్కో వైపుకు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. శరీర గరిమనాభి ప్రతి అడుగులోనూ 4, 5 సెంటీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. అన్నీ చిన్న అంకెలే. కానీ రోజుకు కొన్ని వేల సార్లు జరిగే కదలికలివి.

కింద కటి ఇలా వాలుతూ తిరుగుతూ ఉంటే, దాని మీద నిలిచిన వెన్ను గడకర్రలా బిగిసి ఉంటే కుదరదు. కటి కుడికి వాలినప్పుడు నడుము ఎడమకు వంగుతుంది, ఎడమకు వాలినప్పుడు కుడికి వంగుతుంది. మెలి తిరిగే విషయంలో మాత్రం నడుముకు అంత స్వేచ్ఛ లేదు. నడుము పూసల వెనకుండే చిన్న కీళ్లు ముందుకూ వెనక్కూ వంగడానికి అనువుగా అమరినవి. మెలి తిరగడానికి అవి ఒక్కో పూస దగ్గర ఒకటి రెండు డిగ్రీలకు మించి చోటివ్వవు. 1967లో గ్రెగర్సన్, లూకాస్ అనే పరిశోధకులు కొందరి వెన్నుపూసల వెనక మొనల్లోకి లోహపు సూదులు దించి, వారిని నడిపించి కొలిచారు. నడుము పూసలు కటితో కలిసి ఒక వైపుకు తిరుగుతుంటే, ఛాతీ పైభాగపు పూసలు భుజాలతో కలిసి ఎదురు దిశలో తిరుగుతున్నట్టు తేలింది. ఈ రెండు తిరుగుళ్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోటు ఛాతీ భాగంలోని ఏడో పూస ప్రాంతం. చర్మం మీద అంటించిన గుర్తులతో కొలిచే నేటి పద్ధతులు ఎంత సౌకర్యంగా ఉన్నా, ఎముకలోకి దిగిన సూది చెప్పే నిజం వేరు. చర్మం ఎముక మీద జారుతుంది. ఆ జారుడే ఒక్కోసారి కొలవాల్సిన కదలికంత ఉంటుంది.

నడక విశ్లేషణకు పునాదులు వేసినవారిలో ఒకరైన వైద్యురాలు జాక్వెలిన్ పెర్రీ శరీరాన్ని రెండుగా చూశారు. కాళ్లు నడిపించే యంత్రమైతే, తల, చేతులు, మొండెం దాని మీద సాగే ప్రయాణికుడు. శరీర బరువులో దాదాపు 70 శాతం ఈ ప్రయాణికుడిదే. పోలిక చక్కగా ఉంది కానీ, ఈ ప్రయాణికుడు ఊరికే కూర్చునే రకం కాదు. బండి ఒక పక్కకు ఒరిగితే తన బరువును రెండో పక్కకు జరిపి బండి బోల్తా పడకుండా కాస్తాడు. కాలి ఆర్థోసిస్ ప్రభావాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ కాపుదలను గమనించాలి.

వేగం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బాగా నెమ్మదిగా నడిచేటప్పుడు కటి, భుజాలు దాదాపు ఒకే దిశలో తిరుగుతాయి. వేగం పెరిగేకొద్దీ అవి ఎదురెదురు దిశల్లోకి మారతాయి. ఆర్థోసిస్ వేసుకోగానే మనిషి నడక వేగం పెరిగితే, వెన్ను కదలిక ఆ ఒక్క కారణంతోనే మారిపోతుంది. ఆర్థోసిస్ ఉన్నప్పుడూ లేనప్పుడూ వెన్నును పోల్చాలంటే నడక వేగం ఒకటే ఉండాలి.

ఇన్సోల్: గొలుసు పొడవునా కరిగిపోయే మార్పు

ఇన్సోల్ వెన్నును మారుస్తుందనే వాదన ఒక నిజమైన సంబంధం మీదే నిలబడింది. పాదం వంపు లోపలి వైపుకు కుంగినప్పుడు మోకాలి కిందనున్న పెద్ద ఎముక లోపలికి తిరుగుతుంది. దాని వెంట తొడ ఎముక తిరుగుతుంది. అక్కడి నుంచి కటి కాస్త ముందుకు వాలుతుంది, నడుము వంపు పెరుగుతుంది. కనుక ఇన్సోల్‌తో పాదం వంపును నిలబెడితే ఇదంతా వెనక్కి మళ్లాలి. కాగితం మీద గొలుసు పూర్తయినట్టే ఉంటుంది.

అయితే ఆ గొలుసులో ప్రతి లంకెకూ కొంత వదులు ఉంది. 2007లో ఖామిస్, యిజార్ ప్రచురించిన ప్రయోగంలో మనుషులను 10, 15, 20 డిగ్రీల వాలున్న దిమ్మెల మీద నిలబెట్టి పాదాలను లోపలికి ఒరిగేలా చేశారు. కాలి ఎముకలు లోపలికి తిరిగాయి, కటి ముందుకు వాలింది. సంబంధం ఉన్నట్టు రుజువైంది. కానీ పాదం దగ్గర అంత పెద్ద వాలు పెడితే కటి దగ్గర కనిపించిన మార్పు చాలా స్వల్పం. పైగా అది కదలకుండా నిలబడినప్పటి లెక్క. నిజ జీవితంలో ఏ ఇన్సోలూ మడమను 20 డిగ్రీలు తిప్పదు. నడకలో దాని సగటు ప్రభావం మడమ దగ్గరే రెండు డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆ రెండు డిగ్రీలు చీలమండ, మోకాలు, తుంటి దాటి నడుము చేరేసరికి మిగిలేది అతి స్వల్పం. పరుగెత్తేవారి ఎముకల్లోకి సూదులు దించి స్టాకోఫ్ బృందం 2000లో చేసిన అధ్యయనంలోనూ ఇన్సోళ్ల వల్ల ఎముకల కదలికలో వచ్చిన మార్పు చిన్నదిగా, మనిషి మనిషికీ వేరుగా కనిపించింది. ఒకే ఇన్సోల్ ఒకరిలో ఒక దిశలోనూ, ఇంకొకరిలో మరో దిశలోనూ పనిచేస్తున్నప్పుడు, ‘ఇది వెన్నును సరిచేస్తుంది’ అని అందరికీ ఒకే హామీ ఇవ్వడం న్యాయం కాదు.

నడుము నొప్పి విషయంలోనూ ఆధారాలు ఇలాగే ఉన్నాయి. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నుంచి 2007లో వెలువడిన సమీక్ష 6 ప్రయోగాలను పరిశీలించి, ఇన్సోళ్లు నడుము నొప్పిని రాకుండా ఆపవని గట్టిగానే తేల్చింది. అప్పటికే ఉన్న నొప్పిని తగ్గిస్తాయా అన్నదానికి ఆధారాలు చాలలేదని చెప్పింది. 2017లో వచ్చిన మరో ప్రయోగంలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 225 మంది పాల్గొన్నారు. ఇన్సోళ్లు వాడినవారికి 6 వారాల్లో, ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారికంటే ఎక్కువ ఉపశమనం కలిగింది. ఆ ఉపశమనాన్ని తోసిపుచ్చాల్సిన పని లేదు. కానీ అది వెన్ను నిటారవడం వల్ల వచ్చిందని అనుకోవడానికి ఆధారం లేదు. మడమ నేలను తాకినప్పుడు పుట్టే అదురు తగ్గడం, పాదం హాయిగా ఉండటంతో కండరాలు బిగువు సడలించడం, తనకు చికిత్స అందుతోందన్న నమ్మకం, ఇవన్నీ నొప్పిని తగ్గించగలవు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిగిన పాదాల అధ్యయనం నుంచి 2013లో వచ్చిన ఫలితం ఈ చర్చలో విలువైనది. దాదాపు 1,900 మందిని పరిశీలిస్తే, నిలబడినప్పుడు పాదం చదునుగా ఉందా, వంపుగా ఉందా అన్నదానికీ నడుము నొప్పికీ సంబంధం కనిపించలేదు. నడిచేటప్పుడు పాదం లోపలికి ఒరిగే తీరుకు మాత్రం స్త్రీలలో నడుము నొప్పితో సంబంధం కనిపించింది. తడి పాదం ముద్ర చూసి ‘మీవి చదును పాదాలు, అందుకే నడుము నొప్పి’ అని తేల్చేయడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. పాదం ఆకారం ఒకటి, అడుగు వేసేటప్పుడు పాదం చేసే పని మరొకటి.

ఎత్తు: ఎవరూ అడగని మిల్లీమీటర్లు

ఆర్థోసిస్ వెన్నును తాకే మరో దారి ఎత్తు. పాదాన్ని ఏ దిశలోనూ తిప్పకపోయినా, కాలి కింద చేరిన ప్రతి మిల్లీమీటరూ ఆ వైపు కటిని పైకి ఎత్తుతుంది. రెండు కాళ్లూ కచ్చితంగా ఒకే పొడవున్నవారు నిజానికి అరుదు. 2005లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం కాళ్ల పొడవుల మధ్య సగటు తేడా 5.2 మిల్లీమీటర్లు. ఆ మాత్రం తేడాకు శరీరం చిన్నప్పటి నుంచీ అలవాటు పడి ఉంటుంది. తేడా రెండు సెంటీమీటర్లను సమీపిస్తే కథ మారుతుంది. పొట్టి కాలి వైపు కటి వాలుతుంది, నడుము పూసలు ఆ వైపుకు ఉబ్బెత్తుగా వంపు తిరుగుతాయి. ప్రతి అడుగులోనూ పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కుల ఒక వైపు అంచుల మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. అలాంటివారికి పొట్టి కాలి మడమ కింద దిమ్మె పెడితే ఆ వంపు తగ్గడం కళ్లకు కనిపిస్తుంది. ఇన్సోళ్ల కుటుంబంలో వెన్ను మీద నికరంగా పనిచేసేది ఇదే. పాదం వంపును నిలబెట్టే ఖరీదైన ఇన్సోల్ కంటే ఒక మామూలు దిమ్మె వెన్నును ఎక్కువ కదిలిస్తుంది.

దీని రెండో ముఖం నడక బూటు. చీలమండ బెణికినా, పాదం ఎముక చిట్లినా ఇచ్చే గట్టి ప్లాస్టిక్ బూటుకు అడుగు మందంగా, పడవ అడుగులా గుండ్రంగా ఉంటుంది. అది ఆ కాలిని మామూలు చెప్పు వేసుకున్న రెండో కాలికంటే రెండు సెంటీమీటర్లో, అంతకు మించో ఎత్తుగా నిలబెడుతుంది. అంటే నిన్నటిదాకా సమంగా ఉన్న కాళ్ల మధ్య ఒక్క రోజులో పెద్ద తేడా వచ్చి పడుతుంది. అలవాటు పడేందుకు వెన్నుకు వ్యవధి ఉండదు. రెండు మూడు వారాలకు ‘కాలు బాగానే ఉంది, నడుమే పట్టేసింది’ అని రోగులు వాపోవడానికి ఇదొక కారణం. పరిష్కారం ఎంతో సులువు. బూటు లేని కాలికి అంతే మందమున్న అడుగు కల చెప్పు వేసుకోవాలి, లేదా చెప్పు కింద తొడుక్కునే ఎత్తు పట్టీ వాడాలి. ఇంత చిన్న సంగతి బూటు ఇచ్చే రోజునే చెప్పకపోవడం నిజంగా బాధ కలిగించే లోపం.

చీలమండను బిగిస్తే

నేల మీదున్న పాదం పైనుంచి శరీరం మూడు దశల్లో దొర్లుతుంది. మొదట మడమ మీదుగా, తర్వాత చీలమండ మీదుగా, చివరికి వేళ్ల మొదళ్ల మీదుగా. గట్టి ప్లాస్టిక్ స్ప్లింట్ చీలమండను కదలకుండా పట్టేస్తే మధ్యలో ఉన్న రెండో దశ పోతుంది. కాలి ఎముక పాదం మీదుగా ముందుకు వాలలేదు. అప్పుడు ఆ కాలు శరీరం వెనక్కి చేరాల్సిన సమయానికి తుంటి పూర్తిగా వెనక్కి చాచుకోదు. తుంటి దగ్గర దొరకని ఆ చాపు కోసం కటి ముందుకు వాలుతుంది, నడుము వంపు లోతవుతుంది. లేదా అడుగే పొట్టిదవుతుంది. స్ప్లింట్‌లో పాదం కొద్దిగా కిందికి చూస్తూ బిగిసిపోయి ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. మోకాలు వెనక్కి తన్నుకుంటుంది, మనిషి ముందుకు ఒంగి ఆ లోటును పూడ్చుకుంటాడు.

అందుకే అనుభవజ్ఞులు స్ప్లింట్‌ను విడిగా చూడరు, చెప్పుతో కలిపి సరిచూస్తారు. నిలువు గీతతో పోలిస్తే కాలి ఎముక 10 నుంచి 12 డిగ్రీలు ముందుకు వాలి ఉండేలా మడమ ఎత్తును అమర్చడం, పోయిన దొర్లుడును చెప్పు అడుగున గుండ్రటి వంపుతో తిరిగి తేవడం వంటివి చేస్తారు. మడమ కింద కొన్ని మిల్లీమీటర్లు మార్చగానే మనిషి ఛాతీ విప్పుకుని నిటారుగా నడవడం చూస్తే, లోపం వెన్నులో కాదు, స్ప్లింట్ అమరికలో ఉందని అర్థమవుతుంది.

ఇదే స్ప్లింట్ మరో సందర్భంలో నడుముకు విశ్రాంతినిస్తుంది. నరం దెబ్బతిని పాదం వేలాడుతున్న మనిషి, వేళ్లు నేలకు తగలకుండా ఆ వైపు కటిని కండర బలంతో పైకి లాగుతూ నడుస్తాడు. పక్కటెముకలకూ కటికీ మధ్యనున్న నడుము కండరం ప్రతి అడుగులోనూ బిగుసుకుంటుంది. పాదాన్ని ఎత్తి పట్టే పలుచని స్ప్లింట్ పెడితే ఆ లాగుడు అవసరం తగ్గుతుంది. ఒకే వస్తువు ఒకరి నడుము శ్రమను తగ్గిస్తుంది, మరొకరి నడుము శ్రమను పెంచుతుంది. ఆ కాలు అప్పటిదాకా ఏం చేయలేకపోతోంది, ఇప్పుడు ఏం చేయకుండా ఆగిపోయింది అన్న రెండు ప్రశ్నల మీద ఇది ఆధారపడి ఉంటుంది.

మోకాలికి తాళం పడితే

తొడ దాకా క్యాలిపర్ వేసి, మోకాలి దగ్గర లాక్ బిగించుకుని నడిచే మనిషిని వెనుక నుంచి చూడాలి. బరువు మంచి కాలి మీదికి వస్తుంది. ఆ కాలి మడమ కొద్దిగా లేచి, మనిషి మునివేళ్ల మీద నిలుస్తాడు. క్యాలిపర్ వైపు బెల్టు గీత పైకి లేస్తుంది. అదే వైపు పక్కటెముకల కింద చొక్కా మడతలు పడుతుంది. కాలు కర్రలా బిగిసి, అర్ధచంద్రాకారంలో బయటి నుంచి ముందుకు వస్తుంది. మడమ నేలను తాకగానే బెల్టు గీత దిగుతుంది, చొక్కా మడత విప్పుకుంటుంది.

ఈ చొక్కా మడతలోనే విషయమంతా ఉంది. మామూలు నడకలో గాలిలో ఉన్న కాలి మోకాలు దాదాపు 60 డిగ్రీలు వంగి, కాలిని పొట్టి చేస్తుంది. అందుకే ఆ వైపు కటి కిందికి వాలినా పాదం నేలకు తగలదు. మోకాలు బిగిసిపోతే కాలు పొట్టి కాదు. కిందికి వాలాల్సిన కటి పైకి లేవాల్సి వస్తుంది. నడుము పూసలు వంగాల్సిన దిశే తారుమారవుతుంది. ఇన్సోల్ దగ్గర అతి స్వల్ప ప్రభావం కోసం వెతుకులాడిన వెన్నులో ఇక్కడ కంటికి కనిపించేంత కదలిక, అదీ ఎదురు దిశలో జరుగుతుంది. ఏళ్ల తరబడి ఒకే వైపు కండరం ఈ పని చేస్తూ ఉంటే నడుము అలసిపోవడంలో ఆశ్చర్యం లేదు.

దీన్ని తగ్గించే మార్గాలున్నాయి. క్యాలిపర్ కాలిని మంచి కాలికంటే దాదాపు ఒక సెంటీమీటరు పొట్టిగా ఉంచడం, లేదా మంచి కాలి చెప్పు ఎత్తు పెంచడం అన్నింటికంటే చవకైనవి. కాలు నేల మీదున్నప్పుడు మాత్రమే బిగిసి, గాలిలోకి లేవగానే విడిపోయే మోకాలి కీళ్లు ఇప్పుడు వస్తున్నాయి. అవి సరిపడిన వారిలో కటిని పైకి లాగాల్సిన అవసరం తగ్గుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. క్యాలిపర్ వేసుకున్నవారు మొండెం పక్కకు ఊపుతూ నడిస్తే తప్పంతా క్యాలిపర్‌దే అనుకోకూడదు. తుంటి పక్కనుండే కండరాలు బలహీనమైతే మనిషి మొండెం బరువును ఆ కాలి మీదికి ఒరిగించుకునే నిలబడగలుగుతాడు. ఆ ఒరుగుడే అతడిని పడిపోకుండా కాపాడుతోంది. దానికి బదులు ఏ ఆసరా ఇవ్వకుండా ‘నిటారుగా నడవండి’ అని ఒత్తిడి చేయడం మంచి అనుకుని చేసే చెడు. సెరెబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్న పిల్లల్లోనూ మొండెం ఊగడంలో కొంత భాగం కాళ్ల లోపానికి సర్దుబాటు, కొంత భాగం మొండెం కండరాల మీదే అదుపు లేకపోవడం. కాలి స్ప్లింట్ మొదటి భాగాన్ని మాత్రమే తాకగలదు. స్ప్లింట్ వేసినా ఊపు పూర్తిగా పోకపోతే అది స్ప్లింట్ వైఫల్యం కానక్కరలేదు.

నడుము కింద పూర్తిగా చచ్చుబడినవారికి వాడే మరో రకం ఆర్థోసిస్ ఈ లెక్కలన్నింటినీ దాటి ఉంటుంది. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీలో 1980లలో రూపుదిద్దుకున్న పరికరంలో రెండు తుంటి కీళ్లనూ కేబుళ్లతో ముడిపెడతారు. ఒక తుంటి వెనక్కి చాచుకుంటే రెండోది ముందుకు వంగుతుంది. మనిషి చేతికర్రల మీద ఆని, బరువు ఒక వైపుకు మార్చి, మొండెం వెనక్కి విరిస్తే రెండో కాలు ముందుకు కదులుతుంది. పెర్రీ చెప్పిన ప్రయాణికుడు ఇక్కడ తానే బండిని నడుపుతాడు. ఈ వెన్ను కదలికను తగ్గించాలని చూస్తే నడకే ఆగిపోతుంది.

సరిచూసుకునే తీరు

కొత్త ఆర్థోసిస్ నడుము మీద ఏం చేస్తోందో తెలుసుకోవడానికి ప్రయోగశాలే ఉండాలని లేదు. బెల్టు స్పష్టంగా కనిపించే దుస్తుల్లో, వెనుక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి ఫోనుతో వీడియో తీస్తే చాలా సంగతులు బయటపడతాయి. పోలిక మాత్రం సరైనది కావాలి. ఆర్థోసిస్‌ను చెప్పుతో కలిపి ఒకసారి, ఉత్త కాళ్లతో ఒకసారి నడిపించి చూస్తే, కనిపించే తేడాలో చెప్పు వాటా ఎంతో, ఆర్థోసిస్ వాటా ఎంతో తేలదు. రెండుసార్లూ ఒకే చెప్పు, ఒకే వేగం ఉండాలి. మొదటి రోజు కనిపించిన మార్పే చివరిదాకా ఉంటుందని కూడా అనుకోకూడదు. కొన్ని వారాలకు కండరాలు కొత్త అమరికకు అలవాటు పడి నడక తీరు మారుతుంది. ఆ తర్వాత ఇంకోసారి చూడాలి. నడుము నొప్పి కొత్తగా మొదలైతే, లేదా కాలిలోకి పాకితే, వీడియోతో సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించుకోవాలి.

పిల్లల విషయంలో ఈ పరిశీలన తరచుగా జరగాలి. ఎముకలు పెరిగేకొద్దీ మోకాలి కీలు క్యాలిపర్ కీలుకు ఎదురుగా ఉండదు, రెండు కాళ్ల మధ్య ఎత్తు లెక్క తప్పుతుంది. కొత్త కొలతలు తీసుకునే రోజున వెనుక నుంచి మరో వీడియో తీసి, పాత వీడియో పక్కన పెట్టి, బెల్టు గీత ఏ వైపు ఎంత లేస్తోందో చూసుకున్నాకే ఎత్తు నిర్ణయించడం మంచిది.